పనికిరాని కట్టెకు ప్రాణము పోయుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ ఉదయమునుండి పండితులు పలువురు కావ్యములను గూర్చియు, శాసనములను గూర్చియు మాటలాడిరి. నేను పండితుడను కాను. చాల యేండ్లు వృత్తిపాఠశాలలో కొయ్యపని నేర్పి విశ్రాంతి పొందినవాడను. కార్యదర్శిగారు “మీకు తెలిసిన పనిని గూర్చియే చెప్పుడు” అని ఆజ్ఞాపించినందున, తరిమెనపని చేయువారికి ఇటీవల అందుబాటులోనికి వచ్చిన ఒక క్రొత్త విద్యను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. మెత్తబడిన కట్టెకు రెజిను పట్టించి గట్టిపరచుట, విరిగిన కట్టెను రెజినులో పోతపోసి నిండు దిమ్మెగా చేయుట - ఇదియే నా విషయము.

అధ్యక్షులవారి ముందు బల్లమీద ఒక భరిణె యున్నది. దానిని చూడుడు. దాని కథయే నా ఉపన్యాసము.

ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయము ఒక చింతచెట్టు నీడలో, రెండు బల్లలతోను ఒక ఇనుపపెట్టెతోను ఆరంభమైన సంగతి పెద్దలందరును ఎరుగుదురు. ఆ చెట్టు మూడేండ్ల క్రిందట గాలివానకు కూలినది. మొదలు డొల్ల, సగము చెదలు తిన్నది, తక్కినది వ్రేలితో నొక్కిన దిగబడునంత మెత్తన. ఇటుకబట్టీవారు దానిని కొని బండి కెత్తుచుండగా నేను పోయి మూడు మొద్దులు అడిగి తెచ్చుకొంటిని. “మాస్టరుగారూ, ఇది పొయ్యిలోనికి తప్ప ఎందుకును పనికిరాదు గదా!” అని వారు నవ్విరి. ఆ మాట నిజమే. కాని కోసి చూడగా ఆ కట్టెలో సిరాతో గీసినట్లు సన్నని నల్లని గీతలుండెను. చచ్చిన కట్టెలో బూజు జాతులు ప్రాకి, ఒకదాని పొలిమేర నొకటి కాపాడుకొనుటకు కట్టుకొన్న గోడలే ఆ గీతలు. అట్టి చింతకట్టెకు పరదేశములలో తరిమెనవాండ్రు మంచి వెల యిత్తురు. మనము దానిని పొయ్యిలో పెట్టుచున్నాము.

రెజిను అనగానేమి?

రెజిను మనకు క్రొత్తది కాదు. మన శేషాచలము, పాలకొండలలో పెరుగు తంబ చెట్టునుండి కారు గుగ్గిలము రెజినే. రేగు, మోదుగ కొమ్మలపై చిన్న పురుగులు కట్టు లక్కయు రెజినే. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక గ్రామమున తరిమెనవాండ్రు అంకుడు కట్టెను తిప్పుచు, దానిపై రంగు కలిపిన లక్కకడ్డీని ఆనింతురు. రాపిడి వేడికి లక్క కరగి కట్టెపై పూతగా పరచుకొనును. పిమ్మట మొగలి ఆకుతో రుద్ది నిగ్గు తెత్తురు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన ప్రాంతమున నొస్సములో కొయ్యసామానుపై లక్కవన్నెలు వేయు పని పూర్వము పేరు పొందినదే. మన యిండ్లలో చిలుకకోళ్ల మంచములు, కుంకుమ భరిణెలు, కవ్వములు, పప్పుగుత్తులు, బొంగరములు - ఇవన్నియు తరిమెన పట్టినవే. కాని లక్క పైపూత మాత్రమే. అది కట్టె లోపలికి దిగదు. మెత్తని కట్టెను గట్టిపరచలేదు.

1907లో బేక్‌లాండు అను రసాయనశాస్త్రజ్ఞుడు బేకలైటును కనుగొన్నది మొదలు, మనుష్యుడు రెజినును చెట్టునుండియు పురుగునుండియు గాక కర్మాగారమునుండి తెచ్చుకొనుట నేర్చినాడు. మీ యింట విరిగిన పింగాణి గిన్నె నతుకుటకు రెండు గొట్టములనుండి రెండు పదార్థములు తీసి కలుపుదురు గదా! ఆ అరల్డైటు ఎపాక్సీ రెజిను జాతిది. రెండును కలిసినంతనే లోపల చర్య మొదలై, వేడి పుట్టి, ద్రవము ఘనమగును. ఒకసారి గట్టిపడినది లక్కవలె మరల కరగదు.

దీనికి మరియొక ఉదాహరణము మన పొలములలోనే కలదు. బోరుబావి మోటారు కాలినపుడు వైండింగు చేయువాడు క్రొత్త తీగ చుట్టి, దానిని వార్నీషులో ముంచి, వేడిలో ఆరబెట్టును. ఆ వార్నీషు తీగల సందులలోనికి దిగి గట్టిపడి తీగలను కదలనీయదు. కట్టెకు మనము చేయునదియు సరిగా అదియే.

ఈ పని ఎంత ఓర్పుతో కూడినదో తెలుపు సంగతి యొకటి మనవి చేసెదను. స్వీడను దేశమున 1628లో మొదటి ప్రయాణముననే మునిగిపోయిన వాసా అను పెద్ద యోడను 1961లో సముద్రమునుండి పైకి తీసిరి. మూడువందల యేండ్లు నీట నానిన కొయ్య ఆరినచో ముడుచుకొని చీలిపోవును. అందుచే పాలియెథిలీన్ గ్లైకాల్ అను మైనమువంటి పదార్థమును నీటిలో కలిపి పదునేడేండ్లు ఎడతెగక ఆ యోడపై చిలికించిరి. నీరు పోవుచుండ ఆ పదార్థము కట్టె కణములలో దాని చోటు నాక్రమించెను. నేడు ఆ యోడ స్టాకుహోములో నిలిచి యున్నది. పదునేడేండ్లు వారు ఓపిక పట్టిరి. నేను పదునేడు గంటలు పట్టలేకపోతిని.

నా రెండు పొరపాట్లు

ఇక నా కథ. తెచ్చిన మొద్దులు మూడని చెప్పితిని. ఆ చెట్టు మరల మొలవదు. కావున నాకు దొరకిన అవకాశములు మూడే.

మొదటి మొద్దును మే నెల మిట్టమధ్యాహ్నము రేకుల పాకలో ఒక లోతైన డబ్బాలో పెట్టి, ఎపాక్సీ రెజిను కలిపి నిండుగా పోసితిని. కొంతసేపటికి డబ్బానుండి పొగ వచ్చినది. రెజిను పసుపువన్నెకు మారి, నిలువునా పగిలి, డబ్బా అడుగు కరగిపోయినది. ఆ రెజిను పలుచని పొరలుగా పోయుటకు ఉద్దేశింపబడినది. ఆ మాట డబ్బాపైనున్న చీటిలో స్పష్టముగా అచ్చువేసియే యున్నది. ఏండ్లతరబడి పిల్లలకు “చదువుడు, చదువుడు” అని చెప్పినవాడను, అరచేతి చీటి చదువనైతిని!

రెండవ మొద్దును గట్టిపరచబోయి, పైకి ఎండినట్లు కనబడుటచే లోపలి చెమ్మను పరీక్షింపకయే రెజినులో ముంచితిని. నీరున్న చోట రెజిను ప్రవేశింపలేదు. వేడిచేసినపుడు నురుగు క్రక్కినది. తరిమెనకెక్కించి ఉలి ఆనించగా నడిమి భాగము పొట్టువలె రాలిపోయినది.

మూడవ మొద్దును అటకపై పెట్టి యొక యేడు ముట్టలేదు. ఆ యేడు ఈ గ్రంథాలయములో కూర్చుండి కొయ్యను గూర్చియు రసాయనములను గూర్చియు దొరకిన పుస్తకములు చదివితిని. దొరకనివాటిని కార్యదర్శిగారు జిల్లా గ్రంథాలయమునుండి తెప్పించి యిచ్చిరి. చదివినదానిని, చిన్న ముక్కలపై చేసి చూచినదానిని ఒక నోటుపుస్తకములో వ్రాసికొంటిని. దాని సారమే ఇప్పుడు చెప్పబోవునది.

కట్టెను గట్టిపరచుట

మొదటి సూత్రము ఎండిక. కట్టెను పనికి కావలసిన కొలతకంటె కొంచెము పెద్దదిగా కోసి, ఈ పనికే కేటాయించిన విద్యుత్తు పొయ్యిలో సుమారు 105 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఒక దినమైనను ఉంచవలెను. ఆ పొయ్యిలో మరల రొట్టెలు కాల్చరాదు. నడుమ నడుమ త్రాసులో తూచి వ్రాసికొనవలెను. బరువు తగ్గుట ఆగిననాడే కట్టె ఎండినట్లు. కంటితో చూచి చెప్పరాదు. ఎండిన కట్టెను గాలి చొరని సంచిలో కట్టి చల్లారనీయవలెను. వేడిగా నున్నపుడు ముంచిన రెజిను అప్పుడే గట్టిపడ నారంభించును. బయట నుంచిన మరల గాలిలోని చెమ్మను పీల్చుకొనును.

రెండవది గాలి తీయుట. ఎండిన కట్టెలో నీరుండిన చోటనెల్ల ఇప్పుడు గాలి యున్నది. గాలి పోనిదే రెజిను దిగదు. దీనికి వాడు రెజిను అరల్డైటువలె చిక్కనిది కాదు. నీటివలె పలుచనై, వేడి తగిలినప్పుడే గట్టిపడు వేరొక జాతి. కట్టెను ఆ రెజినులో, తేలకుండ బరువు పెట్టి ముంచి, పాత్రకు మూత బిగించి, వాక్యూము పంపుతో గాలిని లాగవలెను. ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేయువారి వద్ద ఇట్టి పంపు ఉండును. కట్టెనుండి బుడగలు ప్రవాహమువలె బయలుదేరును. అవి ఆగువరకు, ఎన్ని గంటలైనను, పంపు నడువవలెను. పిమ్మట గాలిని లోపలికి వదలిన, బయటి గాలి యొత్తిడియే రెజినును కట్టెలోనికి త్రోయును. ఆ తరువాత పంపు నడచిన కాలమునకు రెట్టింపు కాలమైనను కట్టె మునిగియే యుండవలెను. తొందరపడువాడు ఇచ్చటనే చెడును. పాత్ర గట్టిదై ఈ పనికే చేసినదై యుండవలెను. ఊరగాయ జాడీలు, పలుచని గాజుసీసాలు లోనికి పగిలి కన్నులు పోగొట్టగలవు.

మూడవది కాల్చుట. కట్టెను తీసి, రెజిను కారనిచ్చి, అల్యూమినియపు రేకుకాగితములో చుట్టి, తయారుచేసినవారు చెప్పిన వేడిలో, సామాన్యముగా 90 డిగ్రీలకు పైబడి, నడిబొడ్డువరకు వేడి చేరుదాక ఉంచవలెను. తుదకు మరల తూచవలెను. మిక్కిలి మెత్తబడిన కట్టె తన బరువంత రెజినును త్రాగుటయు కద్దు. మా చింతకట్టె ఆలాగే త్రాగినది.

పోతపోయుట

కట్టెలో డొల్లలు, పగుళ్లు ఉన్నపుడు గట్టిపరచిన పిమ్మట పోత పోయవలెను. దీనికి ఎపాక్సీ చాలును. బెరడును, దుమ్మును, చెదమట్టిని పూర్తిగా తీసివేయవలెను. అచ్చుకు రెజిను అంటుకొనని ప్లాస్టికు పెట్టె గాని, లోపల ప్యాకింగు టేపు అంటించిన పలకలపెట్టె గాని తగును. కట్టె తేలును గనుక అడుగున బిగింపవలెను.

రెండు భాగములను చీటిలో చెప్పిన పాళ్లలోనే కలుపవలెను. ఆ పాళ్లు బరువునకా, కొలతకా అనునది ముందు చూచుకొనవలెను. గట్టిపరచు భాగమును కొంచెము ఎక్కువ పోసిన త్వరగా గట్టిపడునని తలంచుట పొరపాటు. ఎన్నటికిని జిగటగానే నిలిచిపోవును. నాలుగైదు నిమిషములు మెల్లగా, గిన్నె అంచులను గీచుచు కలుపవలెను. వేగముగా చిలికిన మజ్జిగవలె బుడగలు లేచును.

మన సీమవారు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది వేడిమి. ఉష్ణము పది డిగ్రీలు పెరిగిన, ఇట్టి చర్యల వేగము సుమారు రెట్టింపగును. చలిదేశమువారు 25 డిగ్రీల యెండకు వ్రాసిన గడువు కర్నూలు, కడప జిల్లాలలో వేసవి నలుబది డిగ్రీలకు చెల్లదు. కావున మన మీ పనిని కార్తీక మాఘములలో గాని, వేసవియైనచో తెల్లవారుజామున గాని చేయవలెను. లోతైన పోతను ఒక్కసారి పోయక, చీటిలో చెప్పిన మందము మించకుండ పొరలుగా పోయవలెను. పిమ్మట చీటిలో చెప్పినన్ని దినములు కదల్పరాదు.

తరిమెనపై పట్టునపుడు ఉలి మిక్కిలి పదునుగా నుండవలెను, పలుచగా తీయవలెను. చివరకు గరుకు కాగితమును ముతకనుండి నున్ననకు వరుసగా, నీరు తడుపుచు రుద్దినచో అద్దమువలె నిగ్గుతేలును.

జాగ్రత్తలు

గట్టిపడని రెజిను చర్మమునకు శత్రువు. ఒకసారి దురద, దద్దు పుట్టినవానికి అది జీవితాంతము వదలకపోవచ్చును. నైట్రైలు చేతొడుగులు, కన్నులకు అద్దములు, ముక్కునకు దుమ్ము నాపు మంచి ముసుగు లేక ఈ పని చేయరాదు. తల గుడ్డను ముక్కునకు చుట్టుకొన్న చాలదు. గాలి యాడు చోట, పిల్లలు, పశువులు రానిచోట చేయవలెను. పసిపిల్లలు నోటపెట్టుకొను బొమ్మలకు, అన్నము కలుపు గరిటెలకు ఈ పద్ధతిని వాడకుడు. వాటికి మంచి కట్టె, లక్క, నూనె చాలును.

ఏ కట్టె?

చేవగల గట్టికట్టెకు రెజిను అక్కరలేదు, ఎక్కదు కూడ. మెత్తనిది, బూజుపట్టినది, తేలికైనది ఈ విద్యకు తగును. కోడూరు, బనగానపల్లె ప్రాంతములలో ముసలివై కొట్టివేయు మామిడిచెట్లు, రచ్చకట్టలవద్ద కూలిన చింతలు, వేపలు మనకు కలవు. బొగ్గులబట్టీలకు పోవు సర్కారుతుమ్మ గట్టిదే గాని వంకరలు, బీటలు కలది; దానిని గట్టిపరచ నక్కరలేక పోతపోసినచో చక్కని పేనాలు, పిడులు వచ్చును.

ఈ సందర్భమున మనస్సులోని బాధ నొకదానిని దాచజాలను. పని నేర్చిన కుర్రవాడొకడు నాయొద్దకు వచ్చి, “అయ్యా, ఎర్రచందనపు ముక్క యొకటి తెత్తును, భరిణె పట్టి యిత్తురా? ఈ పుచ్చుకట్టెతో ఎన్నినాళ్లు తంటాలు?” అని యడిగెను. నేను వానిని కూర్చుండబెట్టి చెప్పితిని. ఎర్రచందనము మన తూర్పుకనుమల దక్షిణభాగమున తప్ప లోకమున మరియెచ్చటను సహజముగా పెరుగదు. నీటిలో వేసిన మునుగునంత బరువైన చేవ అది. అంత చేవ కట్టుటకు చెట్టునకు ఎన్నో దశాబ్దములు పట్టును. 1995 నుండి అంతర్జాతీయ ఒడంబడిక దాని వ్యాపారమును నియమములకు లోబరచినది. మన ప్రభుత్వ చట్టము మరియు కఠినము. కూలిడబ్బుకు ఆశపడి అడవి కేగి చెరసాలల పాలైనవారు ఎందరో. 2015 ఏప్రిల్ 7వ తేదీన శేషాచలము అడవిలో పోలీసుల కాల్పులలో ఇరువదిమంది చనిపోయిరి. వారికి కూడ తల్లులు, పిల్లలు ఉండిరి. అబ్బాయీ, అడవిలో నిలిచిన చెట్టును కూల్చుట విద్య కాదు; కూలిన చెట్టును నిలుపుట విద్య - అంటిని. వాడు మారుమాట లేక వెడలిపోయెను. మరల రాడనుకొంటిని. నాలుగు దినములకు ఒక పుచ్చిన మామిడిమొద్దు భుజాన వేసికొని వచ్చెను. నేడు ఈ సభలో వెనుకవరుసలో కూర్చున్నాడు. పేరు చెప్పిన సిగ్గుపడును.

ఎట్లు ఆరంభింపవలెను?

మొదటిదినముననే పంపులు, పాత్రలు కొనవలదు. మొదట ఎండిన కట్టెలోని చిన్న పగులును లక్కతో గాని, ఎపాక్సీలో రంపపు పొట్టు కలిపి గాని పూడ్చి తరిమెన పట్టుడు. రెండవ మెట్టున బొటనవ్రేలంత పోత పోయుడు. పది పోతలు చెడకుండ వచ్చిన పిమ్మట, నలుగురైదుగురు కలిసి ఒక పంపును, ఒక పాత్రను, ఒక పొయ్యిని కొనుడు. ఒక్కని కది భారము, నలుగురికి కాదు. ప్రతిపనిని తేదీతో, ఎండతో, బరువుతో నోటుపుస్తకములో వ్రాయుడు. ఆ పుస్తకమును ఈ గ్రంథాలయమున ఉంచుడు. నా నోటుపుస్తకమును ఈనాడే కార్యదర్శిగారికి అప్పగించుచున్నాను. అందులో నా రెండు పొరపాట్లును వివరముగా వ్రాసియున్నవి. చదువరులు వానినే ముందు చదువగోరుచున్నాను.

కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును తమ జీవితమును ధారపోసిరి. గ్రంథాలయము చదువు వచ్చినవాని కాలక్షేపమునకే గాదు, చేతిపని చేయువాని కూటికిని అక్కరకు రావలెను. చీటి చదువక నేను రెండు మొద్దులు పోగొట్టితిని. పుస్తకము చదివి ఒకటి దక్కించుకొంటిని. ఇంతకంటె గ్రంథాలయమును గూర్చి నేను చెప్పగల ప్రశంస లేదు.

బల్లమీదనున్న భరిణె ఆ మూడవ మొద్దే. మన చింతచెట్టుయొక్క నల్లగీతలు అందులో చెరగక నిలిచియున్నవి. చెదలు తిన్న డొల్లను మూసి దాచలేదు. తేనెరంగు పోతతో నింపితిని. దానిగుండ వెలుతురు కనబడును. దీనిలో క్రొత్త సభ్యుల చీటీలు వేయుటకు అనుమతింపవలసినదిగా అధ్యక్షులవారిని ప్రార్థించుచున్నాను. ఆ చెట్టు ఇరువదియైదేండ్ల క్రిందట మన చదువరులకు నీడనిచ్చినది. ఇకముందు ఈ బల్లమీదనే యుండి వారి పేళ్లను భద్రపరచును.